మన హార్బర్‌లో ఆగిన ఓడలకు ఒడ్డు నుంచి కరెంటు ఇవ్వలేమా?

కోటవీధి_మేడ
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విశాఖ పాత నగరం, కోటవీధి పక్కన. మేడెక్కితే ఛానల్‌లోంచి ఓడలు లోపలికి వెళ్లడం కనిపిస్తుంది. అమ్మకి ఉబ్బసం. సాయంత్రాలు మేడ మీద కూర్చుని ఓడలు లెక్కపెట్టడం ఆవిడ కాలక్షేపం. నెల రోజులుగా అదీ మానేసింది.

మూడు రోజులుగా బెర్త్ (సరుకు దించడానికి ఓడని కట్టే చోటు) మీద ఒక ఓడ ఉంది. కదలదు, మెదలదు. కానీ రాత్రంతా గుర్రుమని ఇంజిను మోత, గొట్టంలోంచి సన్నగా పొగ. ఆగి ఉన్న ఓడకి ఇంజిను దేనికండీ? బస్సు కాంప్లెక్స్‌లో ఆగితే డ్రైవరు ఇంజిను కట్టేస్తాడు కదా. (కట్టెయ్యని వాళ్లూ ఉన్నారు, దానికి వేరే థ్రెడ్ పెట్టాలి.)

కొన్ని దేశాల్లో ఓడ రేవులోకి రాగానే ఒడ్డు నుంచి కేబుల్ తగిలించి ఇంజిన్లు ఆపేస్తారని చదివాను. విశాఖలో ఎందుకు కుదరదు? తెలిసినవాళ్లు చెప్పండి.


ఆర్కేబీచ్_వాకర్
శుక్రవారం, రాత్రి 9:52

మా ఇంట్లో గీజరూ ఏసీ కలిపి వేస్తేనే ట్రిప్ అవుతోంది. ఓడకి ప్లగ్గు పెడితే గాజువాక దాకా చీకటే.


ఓడకరెంటోడు
శుక్రవారం, రాత్రి 10:25

మర్చంట్ నేవీలో ఎలక్ట్రికల్ ఆఫీసర్ని. ప్రస్తుతం సెలవులో మల్కాపురంలో ఉన్నాను. ఇది నా వంటింటి సబ్జెక్టు కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

మేడ గారూ, మీకు వినిపించేది ఓడని నడిపే మెయిన్ ఇంజిను కాదు. ఓడని బెర్త్‌కి కట్టేశాక అది ఆగిపోతుంది. మీరు వినేది జనరేటర్లు. మేం డీజీలు అంటాం. ఓడ ఆగినా అందులో సంసారం ఆగదు కదా. ఇరవై పాతిక మందికి లైట్లు, ఏసీ, వంట, నీళ్లు కావాలి. ఇంజిన్ రూమ్‌లో కూలింగ్ పంపులు, గాలి ఫ్యాన్లు తిరగాలి. ఫైర్ పంపు ఎప్పుడు బటన్ నొక్కితే అప్పుడు లేవాలి. సరుకు దిగుతున్నకొద్దీ ఓడ ఒక పక్కకి ఒరగకుండా సమతూకం కోసం నీళ్లు నింపి తోడే బ్యాలస్ట్ పంపులు పనిచేయాలి.

మామూలు బల్క్ క్యారియర్‌లో (బొగ్గు, ఖనిజం లాంటి సరుకు విడిగా పోసుకెళ్లే ఓడ, బల్కర్ అని కూడా అంటాం) ఒక్కోటి 500 నుంచి 700 కిలోవాట్ల డీజీలు మూడుంటాయి. బెర్త్ మీద ఒకటి నడుస్తుంది. ఓడకి సొంత క్రేన్లుండి వాటితో సరుకు దించుతుంటే రెండు. కంటైనర్ ఓడ అయితే లోడు ఎక్కువ. మన రొయ్యలు వెళ్లే రీఫర్ కంటైనర్లు తెలుసుగా, అవన్నీ పెద్ద ఫ్రిజ్‌లు, ఒక్క గంట కరెంటు పోయినా మాకు టెన్షనే. క్రూయిజ్ షిప్పు సంగతి అడగొద్దు. అది తేలే ఫైవ్ స్టార్ హోటల్, మెగావాట్లలో తాగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మన గ్రిడ్ 50 హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ప్రపంచంలో ఎక్కువ ఓడలు 60 హెర్ట్జ్, 440 వోల్టుల మీద నడుస్తాయి. మన కరెంటు నేరుగా ఇచ్చేస్తే 1,800 చుట్లు తిరగాల్సిన మోటారు 1,500 దాటదు. పంపు తోడే నీళ్లు ఆరో వంతు తగ్గిపోతాయి. వోల్టేజి తగ్గించకుండా ఇస్తే మోటారు వేడెక్కుతుంది కూడా. అందుకే ఒడ్డున 50 హెర్ట్జ్‌ని 60 చేసే ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ ఉండాలి. ఈ మొత్తం ఏర్పాటులో ఖరీదైనది అదే. కేబులూ ప్లగ్గూ కాదు.

ఇంకోటి, 600 కిలోవాట్లని 440 వోల్టుల్లో ఇవ్వాలంటే దాదాపు 1,000 ఆంపియర్లు. చేతి మందం కేబుళ్లు నాలుగైదు లాగాలి. అదే 6,600 వోల్టుల్లో ఇస్తే 65 ఆంపియర్లు చాలు, ఒక్క కేబుల్‌తో పని అయిపోతుంది. కానీ అప్పుడు ఓడలో ట్రాన్స్‌ఫార్మరూ, ప్యానెలూ, ట్రైనింగ్ ఉన్న మనుషులూ ఉండాలి. పాత బల్కర్లలో అవేవీ ఉండవు.

నేను చేసిన ఓడల్లో హై వోల్టేజి షోర్ కనెక్షన్ (ఒడ్డు కరెంటు తీసుకునే ఏర్పాటు) ఉన్నవి రెండే, రెండూ కంటైనర్ ఓడలు. కాలిఫోర్నియా తిరిగేవి కాబట్టి పెట్టించారు.


సింధియా_తాత
శనివారం, ఉదయం 5:35

బాబూ, దీన్ని కొత్త వింతలాగా మాట్లాడుతున్నారు గానీ షిప్‌యార్డులో మేం పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేస్తున్నదే. రిపేరుకి వచ్చిన ఓడకి ముందు ఒడ్డు కరెంటు తగిలించాకే మిగతా పని. డ్రై డాక్‌లో ఓడ కింద నీళ్లే ఉండవు, జనరేటర్‌కి కూలింగ్ ఎక్కడిది? నేవీ వాళ్ల ఓడలు జెట్టీలో ఉన్నప్పుడూ అంతే.

ఇంగ్లీషులో దీన్ని కోల్డ్ ఐరనింగ్ అంటారు. బొగ్గుతో నడిచే ఆవిరి ఓడల రోజుల్లో రేవుకి కట్టేశాక కొలిమిలో బొగ్గు వేయడం ఆపేస్తే ఇనుప ఇంజను చల్లబడేది. ఆ పేరే ఉండిపోయింది. నెహ్రూ గారు 1948 మార్చిలో మా యార్డు నుంచి జల ఉష అనే ఓడని నీళ్లలోకి దించారు, అది కూడా ఆవిరి ఓడే. అప్పటికి నేను పుట్టలేదు, మా నాన్న చూశాడు. మాటలో మాట వచ్చింది కాబట్టి చెప్పాను.


ఓడకరెంటోడు
శనివారం, ఉదయం 8:10

తాతగారూ, నిజమే. కానీ రిపేరులో ఉన్న ఓడకి ఏభై, వంద కిలోవాట్లు చాలు. సరుకు దించే ఓడ అలా కాదు. పైగా యార్డులో నెల రోజులుంటుంది, ఒకసారి తగిలిస్తే అయిపోయింది. రేవులో మూడు రోజులకొక కొత్త ఓడ, కొత్త సిబ్బంది.

యార్డు అంటే గుర్తొచ్చింది. ఒకసారి వేరే దేశంలో ఒక రిపేరు యార్డులో (పేరు వద్దు) వాళ్ల ఎలక్ట్రీషియన్ రెండు ఫేజులు తారుమారు చేసి కలిపాడు. ఓడ మీద షోర్ కనెక్షన్ బాక్సులో ఫేజు వరస చూపించే చిన్న మీటరు ఉంటుంది. అది చూడకుండా మా జూనియర్ స్విచ్ వేసేశాడు. పంపులన్నీ వెనక్కి తిరిగాయి. రెండు నిమిషాల్లో ఆపాం గానీ ఆ రోజు చీఫ్ ఇంజినీరు తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ ఏడు భాషల్లో గుర్తున్నాయి. 440కే అలా అయింది. 6,600 అయితే తిట్టడానికి మనిషి మిగలడు. అందుకే దీనికి ఐఈసీ, ఐఎస్ఓ, ఐట్రిపుల్ఈ అనే అంతర్జాతీయ సంస్థలు కలిసి 80005 అని ఒక ప్రమాణం రాశాయి, మొదటిది 2012లో వచ్చింది. ఏ దేశంలో అయినా ప్లగ్గు ఒకేలా ఉండాలి, ఎర్త్ చెక్ అవ్వందే స్విచ్ పడకూడదు, ఎవరైనా ఎమర్జెన్సీ బటన్ నొక్కితే రెండు వైపులా తెగిపోవాలి. ఇలాంటివన్నీ అందులో ఉంటాయి.


లెక్కలమాస్టారు
శనివారం, ఉదయం 10:02

కరెంటు పంపిణీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. అలవాటు కొద్దీ కాగితం మీద లెక్క వేశాను. తప్పుంటే దిద్దండి.

మన ఓడకరెంటు తమ్ముడు చెప్పిన బల్కర్ 600 కిలోవాట్ల మీద మూడు రోజులు, అంటే 72 గంటలు ఉందనుకుందాం. 43,200 యూనిట్లు. డీజీకి యూనిట్‌కి సుమారు 215 గ్రాముల నూనె పడుతుంది. మొత్తం 9.3 టన్నులు. 2020 జనవరి 1 నుంచి అంతర్జాతీయ నియమం ప్రకారం ఓడ నూనెలో గంధకం అర శాతం మించకూడదు (అంతకుముందు మూడున్నర శాతం దాకా ఉండొచ్చు). అర శాతమే అనుకున్నా, ఆ ఒక్క ఓడ మూడు రోజుల్లో వదిలే సల్ఫర్ డయాక్సైడ్ 93 కిలోలు. నైట్రోజన్ ఆక్సైడ్లు యూనిట్‌కి 10 గ్రాముల చొప్పున 430 కిలోలు. ఇదంతా ఊరి నడుమ, ఇళ్లకి కూతవేటు దూరంలో.

అర శాతం అంటే తక్కువే కదా అనుకోకండి. మీ వీధిలో తిరిగే బీఎస్-6 డీజిల్ ఆటోలో గంధకం పది లక్షల్లో 10 భాగాలు. ఓడ నూనెలో పది లక్షల్లో 5,000. అయిదు వందల రెట్లు.

ఇక కార్బన్ సంగతి. ఇక్కడ నేను చెప్పేది కొందరికి నచ్చకపోవచ్చు. 9.3 టన్నుల నూనెకి 29 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అదే 43,200 యూనిట్లు మన గ్రిడ్ నుంచి ఇస్తే? కేంద్ర విద్యుత్ అథారిటీ లెక్కలో దేశం మొత్తం సగటు యూనిట్‌కి సుమారు 0.72 కిలోలు. అంటే 31 టన్నులు. కన్వర్టర్‌లో పోయే అయిదు శాతం కలిపితే 33. ఓడ పొగ ఆపాం గానీ భూగోళం లెక్కలో నాలుగు టన్నులు ఎక్కువే పడ్డాయి.

కాబట్టి ఇది వాతావరణ మార్పు పథకం అని ఎవరైనా ఫ్లెక్సీ కట్టిస్తే నమ్మకండి. మన గ్రిడ్ బొగ్గు మీద ఉన్నంతకాలం ఇది ఊపిరితిత్తుల పథకం. అలాగని చిన్న విషయం కాదు. డీజిల్ పొగ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది.


పరవాడ_బాబు
శనివారం, ఉదయం 11:20

మాస్టారూ, లెక్క బాగుంది. మరి ఆ 33 టన్నులు ఎక్కడ పుడతాయో కూడా చెప్పండి. మా పరవాడలో! సింహాద్రి ప్లాంటు 2,000 మెగావాట్లు మా నెత్తి మీదే ఉంది. ఫార్మా సిటీ ఉండనే ఉంది. ఇప్పుడు కోటవీధి వాళ్ల మేడ మీద పొగ తగ్గించడానికి మా పక్క ఇంకో నాలుగు బస్తాల బొగ్గు కాల్చాలా? పాత నగరం వాళ్లది ఊపిరి, మాది కాదా?

అడిగానని కోపం తెచ్చుకోకండి మేడ గారూ. మీ అమ్మగారి ఆరోగ్యం బాగుండాలి. నా గొడవ వేరే.


కోటవీధి_మేడ
శనివారం, ఉదయం 11:48

కోపం ఎందుకు బాబూ. నాకు అసలు ఈ కోణం తట్టలేదు. మాస్టారూ, దీనికేమంటారు?


లెక్కలమాస్టారు
శనివారం, మధ్యాహ్నం 12:30

పరవాడ బాబు అడిగింది న్యాయమైన ప్రశ్న. నా జవాబు సగమే న్యాయంగా ఉంటుంది.

ఒకటి, గ్రిడ్ అంటే ఒక పెద్ద చెరువు. ఇక్కడ చెంబుడు తోడితే సింహాద్రి నుంచే వచ్చిందని చెప్పలేం. దక్షిణాదిన గాలి, సోలార్, జల విద్యుత్తు, అణు విద్యుత్తు అన్నీ ఆ చెరువులోనే కలుస్తాయి. రెండు, పవర్ ప్లాంటులో బూడిద పట్టే యంత్రాలుంటాయి, చిమ్నీ చాలా ఎత్తు. చాలా ఓడల గొట్టానికి ఏ జల్లెడా లేదు, ఎత్తు కూడా చిమ్నీతో పోలిస్తే చాలా తక్కువ. అదే గ్రాము విషం ఎక్కడ వదిలారన్న దాన్ని బట్టి ఎంతమంది పీలుస్తారో మారిపోతుంది.


పరవాడ_బాబు
శనివారం, మధ్యాహ్నం 12:41

చిమ్నీ ఎత్తుగా ఉంటే పొగ మాయమైపోదు మాస్టారూ. ఇంకాస్త దూరం వెళ్లి పడుతుంది, అంతే. ఆ దూరంలో ఉన్నవాళ్లు మీకు కనిపించరు.


లెక్కలమాస్టారు
శనివారం, మధ్యాహ్నం 12:55

ఒప్పుకుంటున్నాను. అందుకే సగం న్యాయం అన్నాను.

దారి ఒకటి ఉంది. పోర్టుకి సొంతంగా 10 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉంది. మన ఎండకి రోజుకి సుమారు 43,000 యూనిట్లు వస్తాయి. నేను లెక్క వేసిన ఓడ మూడు రోజుల ఖర్చు సరిగ్గా అంతే. అంటే అలాంటి ప్లాంటు ఇంకొకటి పెడితే ఎప్పుడూ మూడు బెర్తులకి సరిపడా యూనిట్లు వస్తాయి, కనీసం కాగితం మీద. ఓడ రాత్రి కూడా తాగుతుంది, సూర్యుడు రాత్రి రాడు, అది వేరే. పగలు గ్రిడ్‌కి ఇచ్చి రాత్రి తీసుకోవాలి. ఒడ్డు కరెంటు పెట్టేవాళ్లు సోలార్ కూడా దానికి జతగా పెట్టాలని అడిగితే పరవాడ బాబు గొడవకి కూడా కొంత జవాబు దొరుకుతుంది. 2021లో కేంద్రం తెచ్చిన మారిటైమ్ ఇండియా విజన్‌లో 2030 నాటికి పెద్ద ఓడరేవుల కరెంటులో 60 శాతం పునరుత్పాదకం ఉండాలని రాసుకున్నారు కూడా.


జ్ఞానాపురం
శనివారం, మధ్యాహ్నం 3:15

అందరూ పెద్ద పెద్ద లెక్కలు వేస్తున్నారు. ఒక చిన్న మాట. మేడ గారూ, మీ మేడ మీద పడే నల్లటి దుమ్ముని ఓడ పొగ అనుకుంటున్నారా?

మా ఇంట్లో రోజుకి రెండు సార్లు తడిగుడ్డ పెట్టాలి. ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి బూడిదరంగు. ఇన్నేళ్లుగా తుడిచి తుడిచి నాకు దుమ్ముల్లో తేడాలు తెలిసిపోయాయి. వేళ్ల మధ్య రాస్తే గరగరలాడే నలుపు బొగ్గు. ఎర్రటిది ఇనుప ఖనిజం. నూనెలాగా జిడ్డుగా అంటుకుని సబ్బుకి కూడా వదలనిది పొగ మసి. మాకు పడేదాంట్లో ఎక్కువ గరగరలాడేదే. రేపు ఓడలన్నిటికీ కరెంటు ఇచ్చేసినా నా గుడ్డ తెల్లబడదు. బొగ్గు కుప్పల మీద కప్పు వేయాలి, నీళ్లు సరిగ్గా చల్లాలి, లారీల మీద టార్పాలిన్ కట్టాలి. ముందు అవి కదా అడగాల్సింది?


కోటవీధి_మేడ
శనివారం, సాయంత్రం 4:02

అక్కా, ఇప్పుడే మేడెక్కి వేళ్ల మధ్య రాసి చూశాను. గరగరే. కాస్త సిగ్గేసింది. కానీ ఆ మోత, ఆ పొగ కూడా నిజమే కదా?


ఓడకరెంటోడు
శనివారం, సాయంత్రం 4:30

రెండూ నిజమే అక్కా. గుడ్డకి అంటేది పెద్ద రేణువు, ముక్కులోనూ గొంతులోనూ చాలావరకు ఆగిపోతుంది. డీజీ పొగలో ప్రమాదమంతా కంటికి కనపడని సన్నటి రేణువుల్లోనూ వాయువుల్లోనూ ఉంటుంది. అవి గుడ్డకి అంటవు, లోపలి దాకా పోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లని పట్టుకునేది అవే. అందుకని "ముందు బొగ్గు, తర్వాత ఓడ" అంటే నేను ఒప్పుకోను, "బొగ్గు సంగతి మర్చిపోండి" అన్నా ఒప్పుకోను.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఒడ్డు కరెంటు ఇచ్చినా పొగ పూర్తిగా పోదు. చిక్కటి నూనెని వేడిగా ఉంచడానికి ఓడలో బాయిలర్ నడుస్తూనే ఉంటుంది. ట్యాంకర్లలో చాలావాటికి సరుకు తోడే పంపులు ఆవిరి మీద తిరుగుతాయి, వాటి బాయిలర్ పెద్దది. రిఫైనరీ జెట్టీలో ఉన్న ట్యాంకర్‌కి కేబుల్ తగిలించినా సగం పొగ అలాగే ఉంటుంది. పైగా అక్కడ చిన్న నిప్పురవ్వ పుట్టినా ప్రమాదం, కాబట్టి ఏర్పాట్లు ఇంకా కష్టం. కంటైనర్ టెర్మినల్, క్రూయిజ్ బెర్త్, వీటితో మొదలుపెడితే కష్టానికి తగ్గ ఫలితం.


ఆర్కేబీచ్_వాకర్
శనివారం, రాత్రి 8:20

ఈ సారి జోకు కాదు. రోజూ రాత్రి బీచ్ రోడ్డులో నడుస్తుంటే సముద్రంలో దీపావళి పెట్టినట్టు వరసగా ఓడల లైట్లు. బెర్త్ కోసం లంగరేసి కాచుకుని ఉన్నవే కదా అవి? వాటి డీజీలూ తిరుగుతూనే ఉంటాయి కదా? వాటికి కేబుల్ ఎలా వేస్తారు?


షిప్పింగ్_క్లర్కు
శనివారం, రాత్రి 9:05

వాకర్ గారూ, వేయరు. ఆ ఓడలు అక్కడ కూర్చోకుండా చూడటమే మందు. బెర్త్ ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే చెబితే ఓడ నెమ్మదిగా వచ్చి సరిగ్గా ఆ టైముకి చేరుతుంది. దారిలో నూనె మిగులుతుంది, ఇక్కడ లంగరు ఖర్చూ మిగులుతుంది. కానీ అద్దె ఒప్పందాల్లో ముందొచ్చినవాడికి ముందు అనే పాత లెక్క ఉంది కాబట్టి అందరూ పరిగెత్తుకొచ్చి ఇక్కడ నిలబడతారు. కల్యాణ మండపంలో రెండో బంతి కోసం కుర్చీల వెనక నిలబడతారు చూడండి, అలాగ.

షిప్పింగ్ ఏజెన్సీలో పనిచేస్తాను, మా కంపెనీ పేరు అడక్కండి. ఎవరూ ఎత్తని మాట ఒకటుంది: డబ్బు ఎవరు పెట్టాలి? ఓడ ఓనరు ఒకడు. దాన్ని అద్దెకి తీసుకున్నవాడు ఇంకొకడు. టైమ్ చార్టర్‌లో (ఓడని కొంతకాలానికి అద్దెకిచ్చే ఒప్పందం) నూనె ఖర్చు అద్దెకి తీసుకున్నవాడిది. ఓడలో ట్రాన్స్‌ఫార్మరూ ప్యానెలూ పెట్టించే ఖర్చు ఓనరుది. ఓనరు డబ్బు పెడితే మిగులు పక్కవాడి జేబులోకి. ఎందుకు పెడతాడు? అటు పోర్టు వాళ్లు "ఓడల్లో ప్లగ్గులే లేవు, మేం కన్వర్టర్ ఎందుకు కొనాలి" అంటారు. ఓడల వాళ్లు "రేవుల్లో కరెంటే లేదు, మేం ప్లగ్గు ఎందుకు పెట్టాలి" అంటారు.

ఈ ముడి విప్పింది చట్టమే. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ రేవు 2000లోనే సరుకు ఓడలకి హై వోల్టేజి ఇచ్చింది, లాస్ ఏంజిలస్ 2004లో కంటైనర్ ఓడలకి మొదలుపెట్టింది. కానీ ఊపు వచ్చింది కాలిఫోర్నియా నియమం అమలయ్యాకే. కంటైనర్, రీఫర్, క్రూయిజ్ ఓడల కంపెనీలు 2014లో సగం రాకల్లో డీజీలు ఆపాలి, 2020 నాటికి 80 శాతం. లేదంటే జరిమానా. యూరప్‌లో 2030 జనవరి 1 నుంచి పెద్ద రేవుల్లో రెండు గంటలు మించి ఆగే పెద్ద కంటైనర్, ప్రయాణికుల ఓడలు తగిలించుకోవాల్సిందే. దానివల్ల మనకీ లాభం ఉంది. యూరప్ కోసం ప్లగ్గు పెట్టించుకున్న ఓడే మన రేవుకీ వస్తుంది.

మన దగ్గర 2023 మేలో ఓడరేవుల కోసం కేంద్రం తెచ్చిన హరిత సాగర్ మార్గదర్శకాల్లో ఓడలకి దశలవారీగా ఒడ్డు కరెంటు ఇవ్వాలని ఉంది. మార్గదర్శకం అంటే మార్గం చూపిస్తుంది, తోలుకెళ్లదు.


లెక్కలమాస్టారు
ఆదివారం, ఉదయం 7:15

క్లర్కు గారు డబ్బు మాట ఎత్తారు కాబట్టి రాత్రి నిద్ర పట్టలేదు, ఇంకో లెక్క వేశాను.

ఓడ నూనె టన్ను 550 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. డీజీ మీద యూనిట్ 10 రూపాయలు పడుతుంది, మరమ్మతులు కాక. గ్రిడ్ కరెంటు పన్నులతో కలిపి ఎనిమిదిన్నర అనుకుంటే, ఆహా లాభమే అనిపిస్తుంది. అనిపించే చోటే మోసం ఉంది.

పెద్ద కనెక్షన్ తీసుకుంటే వాడినా వాడకపోయినా డిమాండ్ ఛార్జీ కట్టాలి. బెర్త్‌కి 2,000 కేవీఏ (కనెక్షన్ ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత) తీసుకున్నారనుకోండి. కేవీఏకి నెలకి 475 రూపాయలు, కనీసం 80 శాతానికి బిల్లు అన్న పద్ధతిలో నెలకి 7 లక్షల 60 వేలు. ఆ బెర్త్‌కి నెలలో ఎనిమిది ఓడలు వచ్చి ఎనిమిదీ తగిలించుకుంటే యూనిట్‌కి 2 రూపాయల 20 పైసలు అదనం. ఒక్క ఓడే తగిలించుకుంటే? యూనిట్‌కి 17 రూపాయల 60 పైసలు. అసలు కంటే కొసరు రెండింతలు. కన్వర్టర్ మీద వడ్డీ ఇంకా కలపలేదు.

నా దృష్టిలో ఈ థ్రెడ్‌లో ముడి ఇదే. సాంకేతికం కష్టమే గానీ చేసి చూపించినవాళ్లున్నారు. తక్కువ ఓడలు తగిలించుకుంటే రేటు పెరుగుతుంది, రేటు పెరిగితే ఎవరూ తగిలించుకోరు. రేవుల్లో ఒడ్డు కరెంటుకి డిమాండ్ ఛార్జీ లేకుండా, వాడిన యూనిట్లకే బిల్లు వేసే వేరే కేటగిరీ విద్యుత్ నియంత్రణ మండలి పెట్టాలి. టారిఫ్ మీద ఏటా బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా వెళ్లి అడగొచ్చు. నా సర్వీసులో చూశాను, రైతులూ, రొయ్యల చెరువుల వాళ్లూ, ఐస్ ఫ్యాక్టరీల వాళ్లూ వచ్చి గట్టిగా అడిగేవారు. ఓడ పొగ పీల్చేవాళ్లు మాత్రం ఎవరూ రాలేదు.


పరవాడ_బాబు
ఆదివారం, ఉదయం 8:40

విచారణకి నేనూ వస్తాను మాస్టారూ. సోలార్ జత లేకుండా కేటగిరీ ఇవ్వొద్దని అడ్డం పడటానికి.


లెక్కలమాస్టారు
ఆదివారం, ఉదయం 8:44

రా బాబూ. పక్కపక్కనే కూర్చుందాం.


కోటవీధి_మేడ
ఆదివారం, ఉదయం 10:30

ఇంత చర్చ అవుతుందనుకోలేదు. ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను, పోర్టుకి ఒకటి, విద్యుత్ మండలికి ఒకటి. అన్ని బెర్తులకీ రేపే కరెంటు పెట్టండి అని రాస్తే బుట్టలో పడేస్తారని అర్థమైంది. పోర్టుని ఒక్కటే అడగాలంటే ఏం అడగాలి?


ఓడకరెంటోడు
ఆదివారం, ఉదయం 11:05

ఒక్కటే అంటే ఇది అడగండి: ఇక నుంచి ఏ బెర్త్ కొత్తగా కట్టినా, పాతది బాగుచేసినా, కాంక్రీటు పోసే ముందే కేబుల్ పోవడానికి పైపులు వేసి, సబ్‌స్టేషన్‌కి జాగా వదలమనండి. కన్వర్టర్ తర్వాత కొనుక్కోవచ్చు. ఇప్పుడు పైపు వేస్తే ఖర్చు మొత్తంలో కనపడదు. పదేళ్ల తర్వాత బెర్త్ పగలగొట్టి వేయాలంటే పని ఆపాలి, ఓడలు ఆగాలి, ఖర్చు చూసి ఫైలు మూసేస్తారు. 2023 సెప్టెంబరులో మొదలైన క్రూయిజ్ టెర్మినల్ దగ్గర ఆ ఏర్పాటు ఎంతవరకు ఉందో కూడా అడగండి. అక్కడికి వచ్చే ఓడే అన్నిటికంటే ఎక్కువ కరెంటు తాగేది.


జ్ఞానాపురం
ఆదివారం, ఉదయం 11:20

కింద బొగ్గు కప్పుల గురించి కూడా ఒక లైను చేర్చండి మేడ గారూ. నేనూ, మా వీధిలో ఇంకో పాతిక మందీ సంతకం పెడతాం.


సింధియా_తాత
ఆదివారం, మధ్యాహ్నం 12:10

నేనూ పెడతాను. పైపులు వేసేటప్పుడు కాస్త వాలుగా వేయమని రాయండి, లేకపోతే ఉప్పునీళ్లు నిలిచి కేబుల్ తినేస్తాయి. మా యార్డులో అలాగే పోయింది.


కోటవీధి_మేడ
ఆదివారం, రాత్రి 9:15

రాశాను. అమ్మకి చదివి వినిపిస్తే "షోర్ పవరంటే ఏటే?" అంది. కొట్టేసి "ఒడ్డు కరెంటు" అని రాశాను. బొగ్గు లైను రెండోదిగా పెట్టాను, తాతగారి వాలు కూడా ఉంది. మంగళవారం సాయంత్రం అయిదింటికి పాత పోస్టాఫీసు దగ్గర ఉంటాను, సంతకాలు పెట్టేవాళ్లు రండి. మాస్టారూ, విద్యుత్ మండలి ఉత్తరంలో 17 రూపాయల 60 పైసల లెక్క మీ చేతిరాతతో ఒక కాగితం మీద ఇస్తే జత చేస్తాను.